ఉగాది పచ్చడిలో చేదు ఎవరి వాటా?

వాడ చరిత్ర – 17వ భాగం



ఈ వారం ఘాస్‌మండి గురించి రాస్తానని మాటిచ్చాను. అది కూడా ఇందులో వస్తుంది. కానీ ముందు నేను ఒక విద్యార్థినికి జవాబు బాకీ ఉన్నాను. ఆ బాకీ తీర్చకుండా వేరే చరిత్ర రాయడానికి చెయ్యి ఆడటం లేదు.

మొన్న బుధవారం మా కాలేజీలో ఉగాది సంబరాలు. సికింద్రాబాద్‌లో నేను పాఠాలు చెప్పే కాలేజీ. తెలుగు శాఖ కాబట్టి ఉగాది వస్తే పని మాదే. మామిడాకులు, కవి సమ్మేళనం, పంచాంగ శ్రవణం, పచ్చడి. "షడ్రుచుల తత్వం" అనే అంశం మీద పది నిమిషాలు మాట్లాడమని నాకు అప్పగించారు. ఏటా నేనే మాట్లాడతాను. తీపి అంటే సంతోషం, చేదు అంటే దుఃఖం, పులుపు, వగరు, ఉప్పు, కారం, అన్నింటినీ సమానంగా స్వీకరించాలి. ఇది నాకు కంఠతా వచ్చు.

నేను మైకు దగ్గర ఇదే చెబుతున్నాను. పక్కనే బల్ల మీద కొత్త కుండ, కుండ నిండా పచ్చడి. మా కాలేజీలో ఊడ్చే అక్క ఒకరున్నారు. మోండా మార్కెట్ నుంచి ఆ కుండ మోసుకొచ్చింది ఆమే. కడిగింది ఆమే. నీళ్ళు పట్టింది ఆమే. పచ్చడి కలిపింది మాత్రం స్టాఫ్. జనం ఎక్కువయ్యేసరికి, చెయ్యి సాయం చేద్దామని ఆమె గంటె అందుకోబోయింది. ఒక సహోద్యోగి నవ్వుతూనే అన్నారు: "నువ్వొద్దులే అమ్మా, మేం పోస్తాంలే."

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. పక్కకు జరిగింది. తర్వాత ఆమెకూ ఒక కాగితం గ్లాసులో పోసి ఇచ్చారు.

నేను చూశాను. చూస్తూనే "అన్ని రుచులూ సమానమే" అనే వాక్యం పూర్తి చేశాను.

సాయంత్రం రెండో సంవత్సరం చదివే అమ్మాయి ఒకతి స్టాఫ్‌రూమ్ బయట నిలబడి అడిగింది. "మేడం, ఆమెను వద్దన్నప్పుడు మీరు మైకు కాడనే ఉన్నరు గదా. ఎందుకు ఊకున్నరు?"

నా దగ్గర జవాబు లేదు. ఈ వ్యాసం ఆ జవాబు కోసం.

*

ముందు పచ్చడి సంగతి చూద్దాం. కోస్తా వైపు ఇది కాస్త చిక్కగా ఉంటుంది, చేతిలోకో ఆకులోకో వేసుకుని తింటారు. మన తెలంగాణలో పల్చగా చేసి గ్లాసుల్లో తాగుతాం. కొత్త కుండలో నీళ్ళు, కొత్త చింతపండు పులుసు, కొత్త బెల్లం, మామిడికాయ ముక్కలు, వేపపూత, ఉప్పు, కాస్త కారం. కొందరు పుట్నాలు, కొబ్బరి, అరటిపండు కూడా వేస్తారు. పేరు పచ్చడే గానీ మనకది పానీయం. ఈ మాట ముఖ్యం. ఎందుకంటే మన దేశంలో తినేదాని కంటే తాగేదాని దగ్గర కులం ఇంకా కచ్చితంగా ఉంటుంది. కుండ, గ్లాసు, గంటె, చెయ్యి: ఈ నాలుగూ దాటకుండా ఏ నీళ్ళూ గొంతులోకి రావు.

దీన్ని "తెలుగు జాతి ప్రత్యేక సంస్కృతి" అని ఏటా టీవీలో చెబుతారు. మనకు మాత్రమే ఉందనుకోవడం నిజం కాదు. కన్నడిగులకు బేవు బెల్ల ఉంది, అంటే వేప, బెల్లం. మరాఠీవాళ్ళు గుడి పాడ్వా నాడు వేపాకు, బెల్లం కలిపి తింటారు. తమిళులు వాళ్ళ సంవత్సరాదికి వేపపూతతో మామిడి పచ్చడి చేస్తారు. "అనాదిగా ఇలాగే ఉంది" అనడమూ నిజం కాదు. మిరపకాయ అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు ఓడల్లో వచ్చి ఐదు వందల ఏళ్ళు. అంతకు ముందు ఈ పచ్చడిలో కారం వేసి ఉంటే అది మిరియాలదే అయి ఉండాలి. అంటే ఈ కుండలో ఏం వెయ్యాలి అనేది కాలాన్ని బట్టి మారింది. మారుతుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

వేపపూత పండితుల గ్రంథాల్లో "నింబ కుసుమ భక్షణం" అయింది. కానీ వేపచెట్టు అంతకు ముందే మన వాడల్లో ఉంది. పోచమ్మ చెట్టు అది. అమ్మవారు పోసిన పిల్లల పక్క మీద పరిచిన ఆకు అది. బోనం కుండకు కట్టిన కొమ్మ అది. చేదు మందని కనిపెట్టడానికి మనవాళ్ళకు శ్లోకం అవసరం పడలేదు.

*

ఇప్పుడు అసలు విషయం. ఉగాది అంటే కొత్త సంవత్సరం. ఎవరికి ఏం కొత్త?

మా తాత భువనగిరి వైపు ఒక పల్లెలో జీతగాడు. మా నాయనమ్మ ఉగాదిని పండుగ అనేది కాదు, "లెక్క" అనేది. తెలంగాణలో చాలా ఊళ్ళలో జీతం ఏడాది ఉగాది నుంచి ఉగాదికి. ఆ రోజు దొర ఇంటి ముందు లెక్క చూస్తారు. పెళ్ళికో చావుకో తీసుకున్న అప్పు ఎంత, ఏడాదిలో ఎన్ని నాగాలు పెట్టాడు, జ్వరం వచ్చిన రోజులు ఎన్ని, ఇచ్చిన గింజలు ఎన్ని, గొంగడి ఒకటి, చెప్పుల జత ఒకటి. అన్నీ కలిపితే అప్పు తీరదు, పెరుగుతుంది. మళ్ళీ ఏడాదికి జీతం కుదురుతుంది. మా నాయనమ్మ లెక్కలో తాత పదకొండు ఉగాదులు అట్లా కుదిరాడు. పన్నెండో ఉగాదికి ముందు రాత్రి ఇద్దరూ నడుచుకుంటూ బయలుదేరి సికింద్రాబాద్ చేరారు. రైల్వే గూడ్స్ దగ్గర మూటలు మోసే పని దొరికింది.

ఇది మా ఇంటి ఒక్కటి కథ కాదు. నిజాం రాజ్యంలో ఇట్లా అప్పుకు కట్టుబడిన పాలేర్లను భగేలాలు అనేవారు. ఆ వ్యవస్థ ఎంత ముదిరిందంటే 1936లో నిజాం ప్రభుత్వమే భగేలా ఒప్పందాల మీద ఒక చట్ట నిబంధన తేవాల్సి వచ్చింది. దేశమంతటికీ వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది 1976లో. మధ్యలో నలభై ఏళ్ళు. అంటే నలభై ఉగాదులు.

ఒకే ఉదయం, ఒకే ఊళ్ళో, గడి లోపల కొత్త కుండలో పచ్చడి కలుపుతున్నారు. గడి ముందు ఒక మనిషి ఇంకో ఏడాదికి అమ్ముడుపోతున్నాడు. అతనికీ చేదు ఉంది. కానీ ఆ చేదు వేపపూతది కాదు. దానికి ఒక పేరు ఉంది, ఒక చిరునామా ఉంది, ఒక చిట్టా పుస్తకం ఉంది. "జీవితంలో చేదు సహజం, సమానంగా స్వీకరించాలి" అని ఆ మనిషికి చెప్పడం ఎవరికి లాభం? ఆలోచించండి.

*

పచ్చడి తాగిన తర్వాత పంచాంగ శ్రవణం. మీరంతా వినే ఉంటారు. ఈ ఏడాదికి రాజు ఏ గ్రహం, మంత్రి ఏ గ్రహం, వాన ఎంత, పంట ఎంత. ఆ తర్వాత ఒక్కో రాశికి నాలుగు అంకెలు: ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం.

చిన్నప్పుడు మా బస్తీలో ఈ అంకెలు రేడియోలో వినేవాళ్ళం. మా అమ్మకు తన రాశి తెలియదు. పుట్టిన తేదీ తెలిస్తే కదా. "వానలు బాగ పడ్డ ఏడు" పుట్టిందని నాయనమ్మ చెప్పేది, అంతే. అమ్మ నవ్వుతూ అనేది: "మనకు ఏ రాశైతే ఏంది బిడ్డా, అవమానం కాడ అంకె ఒక్కటే."

ఆ మాట నాకు పీహెచ్‌డీ చేసేటప్పుడు అర్థమైంది. పంచాంగం అవమానాన్ని కూడా పన్నెండు రాశులకు పంచుతుంది. ఈ ఏడాది ఒకరికి ఒకటి, ఇంకొకరికి ఆరు. వచ్చే ఏడాది తారుమారు. వినడానికి ఎంత న్యాయంగా ఉంది! కానీ ఈ దేశంలో అవమానం రాశిని బట్టి రాదు, కులాన్ని బట్టి వస్తుంది. ఏడాది మారితే మారేది కాదు. గ్రహం ఇచ్చేది కాదు, మనిషి ఇచ్చేది. నిన్న మొదలైన ఈ ఏడాది పేరేమిటో తెలుసు కదా? పరాభవ. అరవై ఏళ్ళకు ఒకసారి వచ్చే పేరు. మా తాతకు అది పదకొండేళ్ళు వరుసగా వచ్చింది.

సికింద్రాబాద్‌లో ఏడాది జోస్యం ఇంకొకటి కూడా ఉంది. ఆషాఢంలో ఉజ్జయిని మహంకాళి బోనాలు అయిన మర్నాడు రంగం. ఒక స్త్రీ పచ్చి కుండ మీద నిలబడి భవిష్యవాణి చెబుతుంది. అక్కడ అంకెలు ఉండవు, ఫిర్యాదు ఉంటుంది. మీరు ఇది చెయ్యలేదు, అది మరిచారు, అందుకే ఇట్లా అయింది అని అమ్మవారు నిలదీస్తుంది. నేను జోస్యాలు నమ్మను, ఇదీ నమ్మను. కానీ తేడా చూడండి. ఒకచోట చేదుకు కారణం ఆకాశంలో ఉంది. ఇంకొకచోట కారణం ఎదురుగా నిలబడ్డ మనుషుల్లో ఉంది.

*

ఈ రోజు మార్చి 20. సరిగ్గా తొంభై తొమ్మిదేళ్ళ కింద, 1927లో ఇదే రోజు, కొంకణ్‌లోని మహాడ్‌లో బాబాసాహెబ్ వేల మందితో నడిచి వెళ్ళి చవదార్ చెరువు నీళ్ళు దోసిట పట్టి తాగారు. ఆ చెరువు అందరిదీ అని ఎప్పుడో తేలింది. 1923లోనే బొంబాయి శాసన మండలి తీర్మానం చేసింది, మహాడ్ మున్సిపాలిటీ ఒప్పుకుంది కూడా. కాగితం మీద హక్కు ఉంది, గొంతులోకి నీళ్ళు రాలేదు. తాగిన తర్వాత ఏమైంది? గుళ్ళోకి కూడా వస్తున్నారని పుకారు లేపి అన్నం తింటున్న మనవాళ్ళను కొట్టారు. ఆ పైన చెరువును శుద్ధి చేశారు. నూట ఎనిమిది కుండలతో. పాలు, పెరుగు, ఆవు పేడ, ఆవు మూత్రం కలిపి మంత్రాలతో పోశారు. ఆ నీళ్ళే మళ్ళీ తాగారు.

అంటే మన చెయ్యి తగిలిన నీళ్ళ కంటే అవి కలిపిన నీళ్ళు మేలనుకున్నారు. కలిపి తాగే పానీయాల చరిత్రలో ఇది కూడా రాసుకోవాలి. ఆ చెరువు మీద హక్కు మనదే అని బొంబాయి హైకోర్టు తేల్చేసరికి 1937 వచ్చింది. పదేళ్ళు.

అది పాత కాలం అంటారా? 1985 జులైలో కారంచేడు. గొడవ మొదలైంది ఎక్కడ? మాదిగపల్లె మంచినీళ్ళ చెరువు దగ్గర. ఆ నీళ్ళు పాడు చేయొద్దని అడిగినందుకు మొదలైంది, ఆరుగురి ప్రాణాలతో ముగిసింది. హోటళ్ళలో రెండు గ్లాసుల పద్ధతి గురించి మీలో ఊళ్ళ నుంచి వచ్చిన వాళ్ళకు నేను చెప్పాల్సిన పని లేదు. మా కాలేజీలో రెండు గ్లాసులు లేవు. గంటె ఒక్కటే. ఆ గంటె ఎవరి చేతిలో ఉండాలో మాత్రం అందరికీ తెలుసు.

*

ఇప్పుడు ఘాస్‌మండి. మోండా మార్కెట్‌కు నడిచి వెళ్ళేంత దూరం. 1912లో అరిగె రామస్వామి అక్కడ సునీత బాల సమాజం పెట్టారు. ఆయన రైల్వేలో పనిచేసిన మనిషి. అప్పటికే హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టి, ఆ తర్వాత బడులు తెరిచి పని చేస్తున్నారు. 1917లో బెజవాడ సభలో "పంచములు" అన్న మాటను తోసేసి "ఆది ఆంధ్రులు" అన్న పేరు నిలబెట్టింది ఆయన అధ్యక్షతలోనే. 1931లో ఆయన రాసిన వెట్టిమాదరి కథను తొలి దళిత కథల్లో ఒకటిగా లెక్కిస్తాం. ఇదే సికింద్రాబాద్ నుంచి బి.ఎస్. వెంకట్రావు వచ్చారు, చిలకలగూడలో పుట్టిన ఈశ్వరీబాయి వచ్చారు.

వీళ్ళందరి దారులూ ఒకటి కాదు. కొట్లాడుకున్నారు, విడిపోయారు. కానీ వీళ్ళు చేసిన పని ఒకటుంది. వాడలో ఉన్న చేదును తలరాత అనకుండా దాని కారణాలను ఒక్కొక్కటిగా రాసిపెట్టారు. వెట్టి, జోగిని, చదువు లేకపోవడం, పేరులోనే అవమానం. కారణం రాసిపెడితే దాని మీద పోరాడొచ్చు. తలరాత మీద పోరాడలేం.

ఇక్కడ మా ఇంటి సంగతి దాచకూడదు. మేం మాలలం. మా నాయనమ్మ పదకొండేళ్ళ జీతం చేదు గురించి చెబుతూ కన్నీళ్ళు పెట్టుకునేది. అదే నాయనమ్మ మా బస్తీలో మాదిగ ఇంట్లో చివరిదాకా మంచినీళ్ళు తాగలేదు. ఉగాది నాడు పక్కింటి నుంచి పచ్చడి గ్లాసు వస్తే తీసుకునేది, వాళ్ళు వెళ్ళాక పారబోసేది. చిన్నప్పుడు నేను చూశాను. అప్పుడూ మాట్లాడలేదు. దొర మాకు పోసిన చేదులో కొంత మేం పక్కవాళ్ళకు పోశాం. అంబేద్కర్ దీన్నే మెట్ల వరుస అసమానత అని వివరించారు. ప్రతి మెట్టు మీదవాడికీ తన కింద ఇంకొకరు ఉంటారు, అందుకే మెట్లు కూలవు.

మొన్న మైకు దగ్గర నా నోరు మూయించింది ఇదే అనుకుంటున్నాను. ఆ గంటె దగ్గర నుంచి జరిగిన అక్క మాదిగ. నేను లెక్చరర్ని. నన్ను ఎవరూ జరగమనలేదు. స్టాఫ్ అందరిలో నాకూ ఒక గ్లాసు ముందే పోసి ఇచ్చారు. పై మెట్టు మీద చోటు దొరికిందని కింది మెట్టు కనిపించనట్టు ఉన్నాను. ఇది నీ ప్రశ్నకు జవాబు తల్లీ. బాగాలేదు, కానీ నిజం ఇదే.

*

అయితే ఉగాది పచ్చడి తాగొద్దా? ఈ ప్రశ్న ఇన్‌బాక్స్‌లో ఏటా వస్తుంది. బౌద్ధం తీసుకున్న మిత్రులు కొందరు మానేశారు. అది వాళ్ళ నిర్ణయం. గౌరవిస్తాను. నేను మాత్రం ఇంకో మాట చెబుతాను.

మనలో క్రైస్తవ కుటుంబాల పిల్లలు చాలామంది ఉన్నారు. పస్కా పండుగ మీకు తెలుసు. ఐగుప్తులో బానిసత్వం నుంచి బయటపడిన రోజును యూదులు వేల ఏళ్ళుగా గుర్తు చేసుకుంటున్నారు. ఆ రాత్రి వాళ్ళ పళ్ళెంలో చేదు ఆకులు ఉంటాయి, పక్కనే పళ్ళు, గింజలు కలిపి నూరిన తీపి ముద్ద ఉంటుంది. చేదూ తీపీ కలిపి తింటారు. కానీ ఊరికే తినరు. ఇంట్లో అందరికంటే చిన్న పిల్లో పిల్లవాడో లేచి అడగాలి: ఈ రాత్రి ఎందుకు వేరు? అప్పుడు పెద్దవాళ్ళు చెప్పాలి. ఆ చేదు మన బానిసత్వం అని, ఆ తీపి ముద్ద మనం ఇటుకలు చేసిన మట్టికి గుర్తు అని. మనల్ని బానిసలు చేసింది ఎవరో, మనం ఎట్లా బయటపడ్డామో చెప్పాలి.

తేడా అక్కడుంది. వాళ్ళ చేదుకు చరిత్ర ఉంది. మన పచ్చడిలో చేదుకు తత్వం ఉంది, చరిత్ర లేదు.

ఆ తత్వమంతా అబద్ధమని నేను అనను. జబ్బు, ముసలితనం, ప్రేమించిన మనిషి దూరం కావడం, ఈ చేదు ఎవరికైనా వస్తుంది. దాన్ని ఓర్చుకోవడం నేర్చుకోవాలి. వేపపూత దానికి మంచి గురువే. కానీ ఇంకో చేదు ఉంది. అది చెట్టుకు పూసేది కాదు, మనిషి కలిపేది. దాన్ని ఓర్చుకోవడం గుణం కాదు, ఓర్చుకోమని చెప్పడం మోసం. రెండింటినీ ఒకే కుండలో పోసి ఒకే పేరు పెట్టడమే మన పండగ ఉపన్యాసాల్లో జరిగేది. ఇన్నేళ్ళూ నేను చేసింది అదే.

అందుకే వచ్చే ఏడాది నుంచి మా ఇంట్లో పచ్చడి తాగే ముందు మా పిల్లలు ఒక ప్రశ్న అడుగుతారు: ఈ చేదు ఎక్కడిది? అప్పుడు నేను పదకొండు ఉగాదుల లెక్క చెబుతాను. నాయనమ్మ పారబోసిన గ్లాసు సంగతీ చెబుతాను. మహాడ్ చెరువు చెబుతాను, వచ్చే మార్చికి దానికి నూరేళ్ళు. కుండలోకి అమెరికా మిరపకాయ వచ్చినప్పుడు చరిత్ర రాలేదా ఏమిటి?

కాలేజీలో ఏం చేస్తానో కూడా చెప్పాలి. ఈ రోజు పొద్దున ఆ అక్కను కలిశాను. "మొన్న నేను మాట్లాడాల్సింది అక్కా, తప్పు చేశాను" అన్నాను. ఆమె చీపురు గోడకు ఆనించి నన్ను కాసేపు చూసింది.

"గవన్నీ మామూలే మేడం. ఇయ్యాల కొత్తనా?" అంది. తర్వాత నవ్వి, "గని పచ్చడి మంచిగ కలుపలే మీవోళ్ళు. అంత బెల్లమే పోసిన్రు. చేదే లేదు" అంది.

వచ్చే ఉగాదికి పచ్చడి మీరు కలపండి అన్నాను. "కలుపుతా, పోసేది ఎవరు మరి?" అని అడిగింది.

మీరే పోయండి అన్నాను. ఆమె ఏమీ అనలేదు, చీపురు అందుకుంది. ఈ మాట నిలబెట్టుకోవాలంటే స్టాఫ్ మీటింగ్‌లో నేను నోరు తెరవాలి. ఇక్కడ ఇంతమంది ముందు రాస్తున్నది అందుకే. నిలబెట్టుకోకపోతే ఆ అమ్మాయి మళ్ళీ అడుగుతుంది. అడగాలి కూడా.

మీ ఊళ్ళో ఉగాదికి జీతాలు ఎట్లా కుదిరేవో మీ తాతలను, నాయనమ్మలను అడగండి. వాళ్ళ మాటలు వాళ్ళ యాసలోనే రాసిపెట్టండి. వచ్చే భాగంలో వెట్టిమాదరి కథను కలిసి చదువుదాం.

జై భీమ్.